కత్తి తగలట్లేదంటే క్లెరిక్‌ని అడగాలి

"అన్నా, లేజెల్‌ని పార్టీలోంచి తీసేస్తున్నా. కొట్టేది తక్కువ, గాల్లో ఊపేది ఎక్కువ."

పోయిన వారం మా పిన్ని కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. వాడిల్లు నిజాంపేటలో, ఆఫీసు గచ్చిబౌలిలో. ఆ ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరి, తిని, మిగిలిన కాస్త టైమ్‌లో బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట పెట్టుకుంటాడు. నలుగురి జట్టుని (పార్టీ) నడిపే ఆట అది, కొట్టిన వేటు తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. లేజెల్ అందులో కత్తి పట్టే ఫైటర్. పగలంతా మీటింగుల్లో కాదనిపించుకుని, రాత్రి కంప్యూటర్ చేత కూడా వరసగా "మిస్" అనిపించుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ వెనకే ప్రశ్నలు వచ్చాయి. ఇంతకంటే మంచి కత్తి ఎక్కడ దొరుకుతుంది? బలం ఇంకో రెండు పెంచాలా? ఏ ఫీట్ (కొన్ని లెవెల్స్‌కి ఒకసారి ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకోవాలి? విథర్స్ అనే పాత్రకి వంద నాణేలిచ్చి క్లాసే, అంటే ఆమె వృత్తే, మార్చేయాలా? అన్నీ లేజెల్ గురించే. మిగతా ముగ్గురు ఆ ఫైట్‌లో ఏం చేస్తున్నారో ఒక్క ముక్క లేదు. అడిగితే, పార్టీలోని క్లెరిక్ (దైవబలంతో స్పెల్స్, అంటే మంత్రాలు, వేసే పాత్ర) గురించి, "షాడోహార్ట్ గదతో కొడుతుంది, ఆమెది కూడా తగలదు" అన్నాడు.

నా అభిప్రాయం అక్కడే మొదలవుతుంది. ఇలాంటి పార్టీ ఆటల్లో గట్టి శత్రువు ఎదురైనప్పుడు ఫైటర్ గురి పార్టీ మొత్తం చేతిలో ఉంటుంది. ఆ గురి కోసం చేసే ఖర్చు ఫైటర్ మీద పెడితే వచ్చేది కొంచెం. పక్కవాళ్ల చేత పెట్టిస్తే వచ్చేది చాలా ఎక్కువ. ఇది రుచుల సంగతి కాదు, లెక్కల్లో కనిపించేదే. కాకపోతే ఆ లెక్క చెప్పినంత సాఫీగా ఫైట్‌లో నడవదు. అందుకే ఇంత పెద్ద పోస్టు.

ప్లస్ వన్ ఖరీదు

రూల్ ఒక్క ముక్కలో చెప్పి లెక్కలోకి వస్తా. ఇరవై ముఖాల పాచిక (డీ20) వేసి దానికి మన బోనస్ కలిపితే, శత్రువు ఆర్మర్ క్లాస్‌ని, అంటే వాడి రక్షణ అంకెని, అందుకోవాలి. అప్పుడే వేటు తగులుతుంది. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్కో ప్లస్ వన్ విలువ ఐదు శాతం. బలం 16 నుంచి 18కి పెంచడానికి ఒక ఫీట్ మొత్తం ఖర్చవుతుంది, గురిలో పెరిగేది ఆ ఐదు శాతం. దెబ్బలో కూడా ఒకటి కలుస్తుంది, కాదనను. ప్లస్ వన్ కత్తి బదులు ప్లస్ టూ కత్తి దొరికినా గురిలో ఇంకో ఐదు. దాని కోసం సగం మ్యాప్ తిరగాల్సి రావచ్చు.

అదే క్లెరిక్ మొదటి లెవెల్ స్లాట్ (స్పెల్ వేయడానికి లెక్కగా ఉండే అవకాశం) ఒకటి వాడి బ్లెస్ వేస్తే, ముగ్గురికి ప్రతి అటాక్ రోల్ మీదా ఒక డీ4 (నాలుగు ముఖాల పాచిక) కలుస్తుంది. సగటున రెండున్నర, అంటే పన్నెండున్నర శాతం. ఆట మొదట్నుంచీ చేతిలో ఉండే స్పెల్ ఇది. రెండున్నర ఫీట్ల గురి ఒక చిన్న స్లాట్‌కి వస్తోంది, అదీ ముగ్గురికి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ పన్నెండున్నర శాతం అందరి మీదా ఒకేలా పనిచేయదు. గోబ్లిన్ మీద ఇప్పటికే ఎనభై శాతం తగులుతోందనుకోండి, బ్లెస్‌తో తొంభై ఒకటి దాటుతుంది, అంతే. పాత దెబ్బల మీద ఆరో వంతు కూడా పెరగలేదు. ఇనుప కవచం తొడుక్కున్నవాడి మీద ఇరవై ఐదు శాతమే తగులుతోందనుకోండి, అదే బ్లెస్‌తో ముప్పై ఏడున్నర అవుతుంది. దెబ్బలు ఒకటిన్నర రెట్లయ్యాయి. శత్రువు ఎంత గట్టివాడైతే బ్లెస్ అంత విలువైనదవుతుంది. మనం ఆడేది మాత్రం తిరగేసి. చిన్నవాళ్ల మీద సరదాగా బఫ్‌లు (మనవాళ్ల బలం పెంచే స్పెల్స్) వేస్తాం. పెద్దవాడు రాగానే కంగారుపడి, "టైమ్ లేదు, అందరూ కొట్టండి" అంటాం.

గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఎనిమిదో లెవెల్ ఫైటర్, బలం 18, చేతిలో ప్లస్ వన్ గ్రేట్‌స్వర్డ్. మొత్తం బోనస్ ఎనిమిది. ఎదురుగా ఆర్మర్ క్లాస్ 19. పాచిక మీద పదకొండు పడాలి, అంటే సగానికి సగం. సగటు దెబ్బ పన్నెండు కాబట్టి ఒక్కో వేటుకి లెక్కన ఆరు. ఇప్పుడు ఫీట్ ఆన్ చేస్తే గురిలో ఐదు పోయి దెబ్బలో పది కలుస్తుంది. పదహారు పడాలి, పావు వంతు అవకాశం, దెబ్బ ఇరవై రెండు. లెక్కన ఐదున్నర. క్రిట్లు (మామూలు కంటే ఎక్కువగా పడే దెబ్బలు) పక్కన పెడితే, అందరూ తప్పనిసరి అని చెప్పే ఈ ఫీట్ ఒంటరి ఫైటర్‌కి నష్టమే తెచ్చింది.

అదే ఫైటర్‌కి ఎవరో ఒకరు అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) తెచ్చి, ఇంకొకరు బ్లెస్ వేశారనుకోండి. ఫీట్ ఆన్‌లో ఉండగానే తగిలే అవకాశం అరవై శాతం దాటుతుంది, ఒక్కో వేటుకి లెక్క పదమూడు పైన. ఫైటర్ షీట్ మీద ఒక్క అంకె మారలేదు. ఐదున్నర కాస్తా పదమూడయింది. మా వాడికి ఇదే చెప్పా. లేజెల్‌ని మార్చకు, ఆమె చుట్టూ ఉన్నవాళ్ల పని మార్చు.

పెద్ద దర్వాజా వదిలేయండి

సరే, అడ్వాంటేజ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మా వాడి మొదటి ఆలోచన బ్యాటిల్ మాస్టర్ రకం ఫైటర్‌కి ఉండే ట్రిప్ అటాక్, అంటే కొట్టి పడగొట్టే వేటు. పడగొడితే పడినవాడి మీద దగ్గర్నుంచి కొట్టే వేట్లన్నిటికీ అడ్వాంటేజ్. మంచిదే, కానీ ట్రిప్ అటాక్ పనిచేయాలంటే ముందు ఆ వేటు తగలాలి. తగలట్లేదనే కదా గొడవ.

ఆర్మర్ క్లాస్ జోలికి వెళ్లని దారులు వేరే ఉన్నాయి. శత్రువుని మెరిసేలా చేసే ఫేరీ ఫైర్, జారిపడేసే గ్రీజ్ స్పెల్స్‌కి వాడు డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్ వేయాలి, అంటే తప్పించుకోవడానికి పాచిక వేయాలి. బరువైన కవచం వేసుకున్నవాడి ఆర్మర్ క్లాస్‌లో డెక్స్టెరిటీ కలవదు, అందుకే అలాంటివాళ్లలో చాలామందికి ఆ సేవ్ అంతంతమాత్రం. ఏ కవచం మన కత్తిని ఆపుతోందో, ఆ కవచం ఉన్నవాడే బార్డ్ వేసిన ఫేరీ ఫైర్‌కి దొరికిపోతాడు. కమాండ్‌తో "సాగిలపడు" అంటే విజ్డమ్ సేవ్. మనుషుల్లాంటి జాతులవాళ్ల మీద హోల్డ్ పర్సన్ (కదలకుండా కట్టేసే స్పెల్) పడితే ఇక చెప్పక్కర్లేదు, దగ్గర్నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటే. ఎగ్జామిన్ నొక్కితే శత్రువు లెక్కలన్నీ కనిపిస్తాయి. ఎనిమిదో తొమ్మిదో అని ఏ సేవ్ పక్కన తక్కువ అంకె ఉంటే అటు వెళ్లాలి.

హైదరాబాద్‌లో ఉండి ఈ మాట రాస్తుంటే గోల్కొండ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోట చుట్టూ కూర్చుంది. ఫిరంగులు పేల్చారు, సొరంగాలు తవ్వారు, గోడలెక్కబోయారు. ఏనుగులు గుద్దకుండా పెద్ద దర్వాజాలకి ఇనుప మేకులు కొట్టి ఉంచిన కోట అది. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనేవాడు లోపల్నుంచి ఒక చిన్న ద్వారం తెరిచాకే మొగల్ సైన్యం లోపలికి పోగలిగింది. తానీషా మీద మనకి ఎంత ఇష్టమున్నా, ముట్టడి పాఠం మాత్రం ఆ మొగల్ సైన్యం దగ్గరే నేర్చుకోవాలి. వాళ్లకి నెలలు పట్టింది, మనకి ఎగ్జామిన్ బటన్ ఉంది.

ఈ దారుల్లో గోతులు లేకపోలేదు. పడగొట్టినవాడు తన వంతు రాగానే సగం కదలిక ఖర్చుపెట్టి లేచి నిలబడతాడు. కాబట్టి పడగొట్టేవాడి వంతు వెనకే ఫైటర్ వంతు రావాలి, మధ్యలో శత్రువు వంతు రాకూడదు. ఈ ఆటలో ఇనిషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే రోల్‌కి) డీ20 కాకుండా డీ4 వాడారు, అందుకే డెక్స్టెరిటీ బోనస్‌లో ఒకటి రెండు తేడా కూడా వరసని మార్చేస్తుంది. మనవాళ్లు వరసలో పక్కపక్కనే పడితే ఎవరు ముందో మనమే తేల్చుకోవచ్చు. ఇంకో గొయ్యి ఏంటంటే, అడ్వాంటేజ్ నాలుగు చోట్ల నుంచి వచ్చినా ఒకటే లెక్క. శత్రువు ఇప్పటికే పడిపోయి ఉంటే వాడి మీద ఫేరీ ఫైర్ వేయడం స్లాట్ దండగ. అప్పుడు వేయాల్సింది బ్లెస్, ఎందుకంటే అది అడ్వాంటేజ్‌తో కలుస్తుంది.

"నాకేం మిగులుతుంది బావగారూ?"

శనివారం రాత్రుళ్లు మేం నలుగురం కలిసి ఆడే ఆట వేరే ఉంది. మా పిన్ని కొడుకు ఫైటర్, వాడి పాత రూమ్మేట్ రోగ్ (చాటుగా కొట్టేవాడు), నేను పాలడిన్ (స్పెల్స్ కూడా వేయగల యోధుడు), వాడి భార్య, అంటే మా మరదలు, క్లెరిక్. పై లెక్కంతా ఒకసారి ఉత్సాహంగా వాళ్లకి వివరించా. అంతా విని మా మరదలు అడిగింది: "అంటే బావగారూ, నేను బ్లెస్ వేసి పక్కన నిలబడితే, ఈయన ఇరవై రెండు కొట్టి గంతులేస్తారు. మరి నాకేం మిగులుతుంది?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇది గేమ్ రూల్స్‌లో లేని ప్రశ్న, కానీ నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో ఇరవై రెండు అని లేస్తుంది, ఫైటర్ పేరు మీద. పాచిక, బోనస్ కలిపి వచ్చిన పదిహేడుని ఇరవై చేసిన ఆ డీ4 కాంబాట్ లాగ్‌లో ఎక్కడో ఒక మూల ఉంటుంది, దాని మీద మౌస్ పెట్టి చూస్తే గానీ కనపడదు. గురి పార్టీ మొత్తానిదైతే, పేరు మాత్రం ఒక్కడికే వస్తోంది. ఒక్కళ్లే ఆడుకునేవాళ్లకి ఇది సమస్య కాదు, నాలుగు పాత్రలూ వాళ్లవే. అయినా అక్కడ కూడా మనసు కత్తి పట్టుకున్నవాడి వైపే లాగుతుంది. మా వాడి ప్రశ్నలన్నీ లేజెల్ చుట్టూ తిరగడానికి కారణం అదే అనుకుంటా.

తర్వాతి శనివారం నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బ్లెస్ డీ4 వల్లే తగిలిన దెబ్బ ఏదైనా ఉంటే లాగ్ చూసి పైకి చెప్పాలి. "ఇది వదినది" అని రూమ్మేట్ అరవడం మొదలుపెట్టాడు. పిల్లచేష్టే. కానీ ఆ రాత్రి మా మరదలు అడగకుండానే రెండోసారి బ్లెస్ వేసింది.

ఒక టర్న్ వృథా అవుతుంది కదా అనే వాదన కూడా వచ్చింది. ఆర్మర్ క్లాస్ 19 ముందు క్లెరిక్ గద సగం సార్లు తగులుతుందనుకుందాం, అంటే బ్లెస్ కోసం అర దెబ్బ వదులుకున్నట్టు. మా ఫైటర్‌కి రెండు వేట్లు, నాకు రెండు, రోగ్‌కి ఒకటి. ఐదు వేట్ల మీద పన్నెండున్నర శాతం చొప్పున అర దెబ్బ కంటే కాస్త ఎక్కువే వెనక్కి వస్తుంది, అదీ మొదటి రౌండ్‌లోనే. పైగా వచ్చేవి గ్రేట్‌స్వర్డ్ దెబ్బలు, పోయేది గద దెబ్బ. రెండో రౌండ్ నుంచి అంతా లాభమే. ఐదో లెవెల్ ముందు, ఒక్కొక్కరికి ఒక్క వేటే ఉన్నప్పుడు, ఈ వాదనకి బలం ఉంది. అప్పట్లో రెండు రౌండ్లలో ముగిసే ఫైట్‌కి బ్లెస్ వేయకపోయినా కొంప మునగదు.

ఎఫ్8 గురించి రెండు మాటలు

మిస్సయిన ప్రతిసారీ ఎఫ్8 కొట్టి, ముందు దాచుకున్న ఆటని లోడ్ చేసుకునేవాళ్లు మనలో చాలామందే. నేను నీతులు చెప్పను. నచ్చితే డిఫికల్టీ తగ్గించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అయితే రీలోడ్‌తో ఒక చిక్కుంది. పావు వంతు అవకాశమున్న వేటు ఎన్నిసార్లు లోడ్ చేసినా పావు వంతే. అదృష్టం కలిసొచ్చి గెలిస్తే తర్వాతి గట్టివాడి దగ్గర మళ్లీ అదే కథ.

మిస్ అనేది అంకెల కంటే ఎక్కువగా మనసుకి తగులుతుందని ఆటలు చేసేవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. సివిలైజేషన్ ఆట చేసిన సిడ్ మెయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దీని మీదే మాట్లాడాడు. మూడింటికి ఒకటి అని తమవైపు మొగ్గున్న యుద్ధం ఓడిపోతే ఆటగాళ్లు అన్యాయం అంటారు, అదే తేడాతో తాము బలహీనులై గెలిస్తే కిక్కురుమనరు. ఫైర్ ఎంబ్లమ్ ఆటలు 2002 నుంచి రెండు అంకెలు తీసి సగటు చేయడం మొదలుపెట్టాయి. స్క్రీన్ మీద తొంభై అని ఉంటే అసలు అవకాశం తొంభై ఎనిమిది దాటుతుంది. బాల్డర్స్ గేట్ 3లో కూడా వరస వైఫల్యాలు రాకుండా చూసే కార్మిక్ డైస్ ముందే ఆన్ చేసి ఉంటుంది. అంటే మా వాడు తిట్టుకుంటున్న పాచిక ఇప్పటికే వాడి మీద జాలి చూపిస్తోంది.

మిగతా ఆటల్లో

మిగతా ఆటల్లో ఇది వర్తిస్తుందా అని నాకూ అనుమానం ఉండేది. అబ్సిడియన్ 2015లో తెచ్చిన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ మళ్లీ తీశా. అక్కడ నూరు ముఖాల లెక్క. మన ఆక్యురసీలోంచి (గురి) వాడి డిఫ్లెక్షన్ (వేటు తప్పించుకునే అంకె) తీసేసి రోల్‌కి కలుపుతారు. పదిహేను లోపు మిస్, యాభై లోపు గ్రేజ్, ఆ పైన హిట్, నూరు దాటితే క్రిట్. గ్రేజ్ అంటే సగం దెబ్బ. నలభై పాయింట్లు వెనకబడ్డ ఫైటర్‌కి నూటికి యాభై ఐదు మిస్సులు, ముప్పై ఐదు గ్రేజ్‌లు, పదే హిట్లు. ప్రీస్ట్ వేసే డివోషన్స్ ఫర్ ది ఫెయిత్‌ఫుల్‌తో ఆక్యురసీలో ఇరవై కలుస్తుంది, ఇంకొకడు వెనక నుంచి చేరి ఫ్లాంక్ చేస్తే వాడి డిఫ్లెక్షన్‌లో పది పోతుంది. ఇప్పుడు మిస్సులు ఇరవై ఐదు, హిట్లు నలభై. మొత్తం దెబ్బ రెట్టింపు దాటింది. ఇక్కడ కూడా ఫైటర్ తనంతట తాను చేసిందేమీ లేదు.

నా వాదనకి అడ్డం వచ్చేది కూడా అదే ఆటలో ఉంది. అక్కడి ఫైటర్ డిసిప్లిన్డ్ బరాజ్‌తో సొంతంగా ఆక్యురసీ పెంచుకోగలడు. రెండో చేయి ఖాళీగా ఉంచుకుని ఒంటిచేతి కత్తి పట్టుకుంటే పన్నెండు కలుస్తుంది, పెద్ద డాలు పట్టుకుంటే ఎనిమిది పోతుంది. అంటే గట్టివాడి ముందు డాలు పక్కన పడేయడం ఫైటర్ ఒక్కడే తీసుకోగల మంచి నిర్ణయం. ఒప్పుకుంటున్నా. కాకపోతే డాలు పడేసిన ఫైటర్‌ని బతికించే పని మళ్లీ ప్రీస్ట్‌దే.

పాత్‌ఫైండర్ ఆటల్లో ఇంకో రకం తలనొప్పి. బఫ్‌ల చాంతాడు జాబితా ఉంటుంది, కానీ ఒకే రకం బోనస్‌లు ఒకదాని మీద ఒకటి కలవవు. హీరోయిజమ్ ఇచ్చేది మొరేల్ బోనస్ రెండు, గుడ్ హోప్ ఇచ్చేదీ అదే. రెండూ వేసినా గురిలో రెండే. ఔట్‌ఫ్లాంక్ ఫీట్ ఇద్దరికీ ఉంటే ఫ్లాంకింగ్ బోనస్ రెండు కాస్తా నాలుగవుతుంది, ఒక్కడి దగ్గరే ఉంటే అదనంగా వచ్చేది సున్నా. పక్కవాడు కూడా తీసుకుంటేనే పనిచేసే ఫీట్!

బ్లెస్ ఎవరు వేయాలి

మా గుంపులో ఇంకా తెగని పంచాయితీ ఒకటుంది. బ్లెస్ కాన్సంట్రేషన్ స్పెల్, అంటే అలాంటివి ఒకళ్లు ఒకసారికి ఒకటే నడపగలరు. అది నడుస్తుండగా క్లెరిక్ స్పిరిట్ గార్డియన్స్ వేయలేదు. మా మరదలి అభ్యంతరం అసలు పేరు గురించి కాదని, దీని గురించేనని తర్వాత తెలిసింది. స్పిరిట్ గార్డియన్స్‌కి అటాక్ రోల్ అక్కర్లేదు. దగ్గరికొచ్చినవాడికి మూడు డీ8 దెబ్బ, సేవ్ చేసుకున్నా సగం. "మీ కత్తులు తగలకపోతే నా స్పెల్ తగులుతుంది కదా, నేనెందుకు మానుకోవాలి?" అని అడిగింది. లెక్క వేసి చూశా. ఒక్కడే గట్టి శత్రువుంటే బ్లెస్ వల్ల మా ముగ్గురికి అదనంగా వచ్చే దెబ్బా, ఆమె స్పెల్ ఇచ్చే దెబ్బా ఇంచుమించు ఒకటే. వాడి చుట్టూ నలుగురు తోడున్నారంటే ఆమెదే గెలుపు. బ్లెస్‌కి మిగిలే మొగ్గు, అది మొదటి లెవెల్ స్లాట్‌తో అయిపోవడం, అటువైపు మూడో లెవెల్ స్లాట్ కావడం.

నా ప్రతిపాదన: బ్లెస్ పాలడిన్‌గా నేనే వేస్తా, నా స్పెల్స్‌లో అదీ ఉంది. ఫైటర్ అభ్యంతరం: ముందు వరసలో దెబ్బలు తినేది పాలడిన్‌నైన నేనే, బ్లెస్ నిలవాలంటే ప్రతి దెబ్బకీ కాన్స్టిట్యూషన్ సేవ్ వేయాలి, రెండు రౌండ్లలో బ్లెస్ ఊడిపోతుందని. వాడన్నదీ నిజమే. రోగ్ మాత్రం విస్పరింగ్ ప్రామిస్ ఉంగరం వెతుకుదామంటాడు. అది పెట్టుకుని ఎవరికైనా వైద్యం చేస్తే, వాళ్లకి రెండు టర్న్‌ల పాటు అదే డీ4 వస్తుంది, కాన్సంట్రేషన్ గోల లేకుండా. అలాగైతే మా మరదలు స్పిరిట్ గార్డియన్స్ నడుపుతూనే హీలింగ్ వర్డ్‌తో ఫైటర్‌కి గురి ఇవ్వొచ్చు. ఉంగరం దొరికేదాకా బ్లెస్ నేనే వేస్తున్నా, ఫైటర్ కంటే ఒక అడుగు వెనక నిలబడి.